ఘటసర్పముతో పోరాడిన చిన్నవాడు

వీడియో గేములను గూర్చి ఈ పత్రికలో వ్యాసమేమిటని మీలో కొందరు ఆశ్చర్యపడవచ్చు. మేము కూడ మొదట అలాగే ఆశ్చర్యపడినవారమే. మా సంఘములోని తల్లిదండ్రులు మా యొద్దకు తెచ్చే ఫిర్యాదులలో సగము ఈ ఆటలను గూర్చినవే. "అయ్యగారూ, వీడు అన్నం తినేటప్పుడు కూడ ఫోను వదలడం లేదు, మీరైనా కాస్త చెప్పండి" అని ఒక తల్లి అంటుంది. "అర్ధరాత్రి దాటినా ఆ కాల్పుల మోత ఆగదండీ" అని ఒక తండ్రి అంటాడు. కాబట్టి మా యౌవనస్థుల కూడికలో ఇంజనీరింగు చదువుచున్న ఒక తమ్ముడు, "అయ్యగారూ, ఒక గేము ఉంది, అది ఆడుతూ నేను ఏడ్చాను, మీరు తప్పక చూడాలి" అన్నప్పుడు మేము నవ్వి ఊరుకున్నాము. ఆటలో ఏడుపేమిటి? ఓడిపోతే మళ్ళీ మొదటినుండి ఆడుకోవచ్చు గదా!

ఆ తమ్ముడు పట్టు విడువలేదు. ఒక ఆదివారము ఆరాధన ముగిసి భోజనములైన తరువాత తన ల్యాప్‌టాప్ తెచ్చి మా ముందు పెట్టాడు. ఆట మొత్తము సుమారు రెండు గంటలే. అది ముగిసేసరికి మా సతీమణి కొంగుతో కళ్ళు తుడుచుకొనుచున్నది. మాకు చాలాసేపటివరకు మాట రాలేదు. ఆ ఆటలోని దుఃఖకరమైన ఘట్టములను, అవి మాలో రేపిన ఒక పాత గాయమును ఈ నెల మీతో పంచుకొనగోరుచున్నాము.

ఆట వెనుకనున్న కుటుంబము

ఆ ఆట పేరు 'దట్ డ్రాగన్, క్యాన్సర్'. అనగా 'ఆ ఘటసర్పము, క్యాన్సర్' అని చెప్పుకొనవచ్చును. డ్రాగన్ అను మాటకు మన తెలుగు బైబిలులోని ప్రకటన గ్రంథము ఘటసర్పము అనే మాటనే వాడినది గదా.

దీనిని తయారుచేసినవారు అమెరికాలోని కొలరాడో రాష్ట్రములో లవ్‌లాండ్ అను ఊరికి చెందిన రయన్ గ్రీన్, ఎమీ గ్రీన్ అను దంపతులు. రయన్ గారు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారు. జాష్ లార్సన్ అను స్నేహితుడు, మరి కొద్దిమంది సహాయకులు వారితో చేరి న్యూమినస్ గేమ్స్ అను చిన్న బృందముగా ఏర్పడ్డారు. ఇది కల్పిత కథ కాదు. వారి మూడవ కుమారుడైన జోయెల్ కథ. మన బైబిలులో యోవేలు అన్న పేరే అది.

జోయెల్‌కు ఏడాది నిండిన కాలములోనే మెదడులో అరుదైన, అతి వేగముగా పెరిగే క్యాన్సర్ కణితి ఉన్నదని డాక్టర్లు కనుగొన్నారు. కణితి తిరిగి వచ్చినప్పుడు, ఇక కొద్ది కాలమే బ్రతుకుతాడని చెప్పారు. అయితే ఆ బిడ్డ మరి కొన్నేళ్ళు బ్రతికాడు. ఆపరేషను, కీమోథెరపీ, రేడియేషను, మధ్య మధ్య కొద్ది నెలల ఊరట, మళ్ళీ కొత్త కణితి. ఇలా గడిచాయి ఆ ఏండ్లు. 2012లో, జోయెల్ ఇంకా ఇంటిలో నవ్వుతూ తిరుగుచుండగానే, తండ్రి ఈ ఆట తయారుచేయుట మొదలుపెట్టాడు. దేవుడు బిడ్డను స్వస్థపరచునని ఆ దంపతులు నమ్మారు. ఆ అద్భుతమునకు ఈ ఆట సాక్ష్యము కావలెనని ఆశించారు.

2014 మార్చి 13న జోయెల్ కన్ను మూశాడు. అప్పటికి అతనికి ఐదేళ్ళు. ఆ తండ్రి, ఆ తల్లి ఆటను అక్కడితో ఆపివేసి ఉండవచ్చును. కాని వారు దానిని మరల తిరగవ్రాసి, కుమారుని మరణమును కూడ అందులో చేర్చి పూర్తిచేశారు. ఆ ఏడాది చివరిలో అనేకమంది అపరిచితులు ఇంటర్నెట్టు ద్వారా లక్ష డాలర్లకు పైగా చందాలు పంపారు. 2016 జనవరి 12న ఆట వెలువడింది. అది జోయెల్ పుట్టినరోజు. ఉండి ఉంటే ఆ రోజున అతనికి ఏడేళ్ళు నిండేవి.

ఏడుపు ఆగని రాత్రి

తెర మీద ఎవరికిని ముఖములు లేవు. కళ్ళు, ముక్కు, నోరు గీయలేదు. కాగితము మడిచి చేసిన బొమ్మలవలె ఉంటారు. కాని గొంతులు నిజమైనవి. తండ్రి గొంతు తండ్రిదే, తల్లి గొంతు తల్లిదే. అప్పుడప్పుడు వినిపించే ఆ చిన్నవాని నవ్వు కూడ, అతను బ్రతికి ఉన్నప్పుడు ఇంటిలో రికార్డు చేసిన జోయెల్ నవ్వే. అది తెలిసిన తరువాత ఆ నవ్వు వినుట ఎంత కష్టమో, బిడ్డను పోగొట్టుకొని పాత వీడియోలు చూచుకొనే తల్లులను అడిగితే చెబుతారు.

ఆట నీటి ఒడ్డున మొదలవుతుంది. జోయెల్ బాతులకు రొట్టె వేస్తుంటాడు. తమ్ముడికి మాటలెందుకు రాలేదని అన్నలు అడుగుతారు. పిల్లలకు అర్థమయ్యేలా తల్లిదండ్రులు జవాబు చెబుతారు. ఇంతవరకు బాధ దూరముగానే ఉంటుంది.

తరువాత ఒక రాత్రి వస్తుంది. ఆసుపత్రి గది. వాంతులతో ఒంట్లో నీరు తగ్గిపోయి బిడ్డ దాహముతో ఏడుస్తుంటాడు. గదిలో తండ్రి ఒక్కడే. ఆడేవారు మౌస్‌తో అటూ ఇటూ నొక్కి ఏదో ఒకటి చేయాలని చూస్తారు. జ్యూసు ఇస్తే బిడ్డ త్రాగుతాడు, వెంటనే వాంతి. ఎత్తుకుంటే ఏడుపు. దించితే ఏడుపు. గదిలో తిరిగితే ఏడుపు. ఆ బిడ్డ తన తలను తొట్టిమంచము కటకటాలకు కొట్టుకొనే చప్పుడు వినిపిస్తుంది. మా సతీమణి అక్కడే, "ఇక ఆపు బాబూ, నేను చూడలేను" అన్నది. ఆ తమ్ముడు నెమ్మదిగా, "ఆపడానికి బటన్ లేదండి అమ్మగారూ" అన్నాడు.

ఆ మాటలోనే ఈ ఆట ఆయువుపట్టు ఉన్నది. మామూలు ఆటలో ప్రతి తాళమునకు ఒక తాళపుచెవి ఉంటుంది. సరియైన బటను నొక్కితే తలుపు తెరచుకొంటుంది, శత్రువు పడిపోతాడు. ఇక్కడ చేతిలో అన్నీ ఉన్నట్టే ఉంటాయి, ఏదియు పనిచేయదు. ఇది ఆ తండ్రి నిజముగా గడిపిన రాత్రి. ఏ బటనూ పనిచేయని ఆటవలె ఉన్నదే అని ఆ రాత్రి తట్టిన తలంపే ఈ మొత్తము ఆటకు విత్తనమైనదని రయన్ గారు తరువాత చెప్పియున్నారు. చివరకు ఆ తండ్రి చేయగలిగినదంతా అయిపోయి, ప్రార్థించుట మాత్రమే మిగిలింది. ప్రార్థించాడు. బిడ్డ ఏడుపు ఆగింది, నిద్రపోయాడు.

ఇది చూచి మేము "ఆమేన్" అన్నాము. తొందరపడ్డామని తరువాత తెలిసింది.

డాక్టరు చెప్పిన కబురు

మరొక ఘట్టములో తల్లిదండ్రులు, డాక్టర్లు ఒక చిన్న గదిలో కూర్చొనియుంటారు. జోయెల్ నేలమీద ఒక గుండ్రని ఆటబొమ్మతో ఆడుకొంటుంటాడు. అది త్రిప్పితే ముల్లు తిరిగి ఏదో ఒక జంతువుమీద ఆగి, దాని అరుపు వినిపించే బొమ్మ. కణితి తిరిగి వచ్చిందనీ, ఇక నయము చేసే వైద్యము లేదనీ డాక్టరు చెబుతున్నాడు. మనము ఆ బొమ్మను త్రిప్పినప్పుడెల్ల ఒక్కొక్కరి మనసులోని మాట వినిపిస్తుంది. ఒకసారి తల్లిది, ఒకసారి తండ్రిది, ఒకసారి డాక్టరుది. ఆ కబురు చెప్పవలసిన డాక్టరు మనసు కూడ ఎంత బరువుగా ఉంటుందో మేము అంతవరకు ఎన్నడును ఆలోచించలేదు. మాటలు సాగుచుండగా గదిలో నీళ్ళు నిండుట మొదలవుతుంది. కుర్చీలు మునుగుతాయి. బిడ్డ మాత్రము ఆ బొమ్మతో ఆడుకొనుచునే ఉంటాడు.

ఆట మధ్యలో కొన్ని సరదా ఆటలు కూడ ఉన్నాయి. ఆసుపత్రి వరండాలో చిన్న బండిమీద పందెము ఒకటి. దారిలో కనబడినవన్నీ ఏరుకొంటూ వేగముగా పోవాలి. మేము కూడ, "అటు తిప్పు, ఇటు తిప్పు" అని ఉత్సాహపడ్డాము. పందెము ముగియగానే తెరమీద లెక్క వచ్చింది. మనము ఏరుకొన్నవి బహుమానములు కావు, ఆ చిన్న శరీరములోనికి ఎక్కించిన మందులు. మేము చప్పున మౌనమైపోయాము.

ఇంకొకచోట జోయెల్ ఆసుపత్రి గ్లవుజులను ఊది కట్టిన బెలూన్లు పట్టుకొని ఆకాశములో నక్షత్రముల మధ్య తేలుతూ పోతుంటాడు. ముళ్ళముళ్ళుగా ఉన్న నల్లని గుండ్లు ఎదురు వస్తాయి. అవి క్యాన్సర్ కణములు. మొదట తప్పించుకొనవచ్చును. పోను పోను అవి ఎక్కువవుతాయి, దారి ఇరుకవుతుంది, బెలూన్లు ఒక్కొక్కటిగా పగిలిపోతాయి. ఎంత నేర్పుగా ఆడినా ఫలితము అదే. మరొకచోట తల్లిదండ్రులు పెద్ద పిల్లలకు పడకవేళ కథ చెబుతారు. అందులో జోయెల్ చిన్న వీరుడు, ఎదుట ఘటసర్పము. ఐదేళ్ళ తమ్ముని మరణమును అన్నలకు ఎలా చెప్పాలో తెలియని తల్లిదండ్రులు చేసిన ప్రయత్నము అది. మన ఇళ్ళలోనైతే "తమ్ముడు ఊరికెళ్ళాడు" అని చెప్పి తప్పించుకొంటాము. వారు తప్పించుకొనలేదు.

పడవలో తల్లి, నీళ్ళలో తండ్రి

మమ్మును అందరికంటె ఎక్కువ కదిలించిన ఘట్టములో మరణము లేదు. భార్యాభర్తలున్నారు. తల్లి పడవలో ఉన్నది, ఆమె విశ్వాసము ఆమెను తేల్చుచున్నది. దేవుడు తప్పక బాగుచేస్తాడు అన్నది ఆమె ధైర్యము. తండ్రి లోతైన నీళ్ళలో మునుగుచున్నాడు. ఆమె పిలుపు అతనికి వినబడుతుంది, కాని పైకి రాలేకపోతున్నాడు. ఒకే ఇంటిలో, ఒకే మంచము ప్రక్కన కూర్చుండి, ఒకే దేవుని ప్రార్థించుచున్న ఇద్దరు ఎంత దూరమైపోగలరో చూపించిన దృశ్యమది. ఆట తల్లిని మెచ్చి తండ్రిని గద్దించదు. తండ్రిని మెచ్చి తల్లిని వెఱ్ఱిదానిగా చూపించదు. ఇద్దరును తమ బిడ్డను ప్రేమించారు, ఇద్దరికిని ఆ ప్రేమ వేర్వేరు విధములుగా బాధ కలిగించింది.

మా పరిచర్యలో ఇటువంటి ఇళ్ళను ఎన్ని చూచామో! ఆరాధనలో చేతులెత్తి స్తుతించే భార్య. గుడి బయట చెట్టుక్రింద నిలబడి లోపలికి రాని భర్త. మేము ఎప్పుడును లోపలనున్నవారినే మెచ్చుకొన్నాము. బయట నిలబడినవాని యొద్దకు పోయి ప్రక్కన నిలిచినది తక్కువ.

కొవ్వొత్తుల దేవాలయము

చివరి ఘట్టము ఒక పెద్ద దేవాలయములో. అద్దాల కిటికీలు, దీపములు, ప్రార్థించే గొంతులు. బ్రతికించు ప్రభువా అని వేడుకొనే మొఱ్ఱలు. ఇక్కడ కూడ ఆడేవారు ఏదో చేస్తూనే ఉంటారు, దీపములు వెలిగిస్తారు. మొదటి రాత్రి ప్రార్థనకు ఏడుపు ఆగింది గనుక ఇప్పుడును ఏదో జరుగునని మేము ఎదురుచూచాము. జరుగలేదు. బిడ్డ పోయాడు.

దీనికి ముందు ఒక ఆసుపత్రి వరండా కనబడుతుంది. అంతటా కార్డులే. ఒక్కొక్కటి తెరచి చదవవచ్చును. క్యాన్సర్‌తో తమవారిని పోగొట్టుకొన్న నిజమైన మనుష్యులు, ఈ ఆటకు చందాలిచ్చినవారు మొదలైనవారు పంపిన మాటలవి. తమ దుఃఖమును చెప్పుకొనుటకు కట్టిన ఇంటిలో ఈ దంపతులు ఇతరుల దుఃఖమునకు కూడ గోడలిచ్చారు.

అన్నిటి తరువాత ఒక చిన్న దృశ్యము. పచ్చని చోటు. అక్కడ జోయెల్ ఉన్నాడు. ఎదుట అతనికి ఇష్టమైన పాన్‌కేకులు, మన తీపి అట్లవంటివి, దొంతరగా ఉన్నాయి. ఆటలో ఇంతవరకు మాటలు రాని బిడ్డ ఇక్కడ గలగల మాటలాడుచున్నాడు. ఆ దంపతుల నిరీక్షణ అది. దానిని ఎవరిమీదను రుద్దరు, చూపించి ఊరుకుంటారు. దేవుని నమ్మనివారు కూడ ఈ ఆట ఆడి కన్నీరు కార్చారు. 2016 డిసెంబరులో ద గేమ్ అవార్డ్స్ సభలో దీనికి బహుమానమిచ్చినప్పుడు రయన్ గారు వేదికమీద కన్నీళ్ళతోనే మాటలాడారు. 2017లో బ్రిటనువారి బాఫ్టా బహుమానము కూడ, ఆటల్లో నూతన ప్రయోగమునకు, దీనికే లభించింది.

మా గాయము

ఇప్పుడు మా సంగతి. కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములో కూలి పని చేసుకొనే ఒక కుటుంబమున్నది. వారి ఆరేళ్ళ పాపకు రక్తములో క్యాన్సర్ వచ్చింది. మేము పట్నములోని ఆసుపత్రికి వెళ్ళి, వార్డంతా వినబడేలా గట్టిగా ప్రార్థించి, "విశ్వాసముంచండి, పాప లేచి ఇంటికి వస్తుంది" అని తల్లిదండ్రులకు చెప్పి వచ్చాము. అలా చెప్పుమని దేవుడు మాతో చెప్పలేదు. ధైర్యము చెప్పవలెనని మేమే చెప్పాము. నెల తిరుగకముందే పాపను సమాధి చేశాము. సమాధియొద్ద, దేవుడు తన తోటకు ఒక పువ్వును కోసుకొన్నాడని ప్రసంగించాము. అంతా అయిన తరువాత ఆ తల్లి మా యొద్దకు వచ్చి మెల్లగా ఒక మాట అడిగింది. "అయ్యగారూ, మా నమ్మకం చాల్లేదా?"

మేము ఒక వచనము చెప్పాము. ఏ వచనమో మాకు ఇప్పుడు జ్ఞాపకము లేదు. ఆమె ముఖము మాత్రము జ్ఞాపకమున్నది. ఆ తరువాత వారు ఆరాధనకు వచ్చుట తగ్గించారు, పిమ్మట మానివేశారు. వారు విశ్వాసములో చల్లారారని మేము ఇతరులతో అన్నాము కూడ.

ఆ ఆట చూచిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. దావీదు తన పసిబిడ్డ కొరకు ఏడు దినములు ఉపవాసముండి నేలపై పడియున్నను బిడ్డ చనిపోయిన సంగతి (2 సమూయేలు 12) మేము ఎన్నిసార్లు బోధించలేదు! యోబు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు మాటలాడక అతని ప్రక్కన నేలపై కూర్చున్నంత కాలము (యోబు 2:13) మంచి స్నేహితులుగానే ఉన్నారు. నోరు తెరచి కారణములు చెప్పుట మొదలుపెట్టినప్పుడే చెడ్డారు. లాజరు సమాధియొద్ద ప్రభువు తాను చేయబోవు కార్యము తెలిసియుండియు ముందు కన్నీరు విడిచాడు (యోహాను 11:35). ఇవన్నియు తెలిసిన మేము ఆ సమాధియొద్ద ఏడువలేదు, ప్రసంగించాము. పనిచేయని చోట కూడ ఏదో ఒక బటను నొక్కవలెనని ఆత్రపడ్డాము.

మరుసటి వారము మేము, మా సతీమణి ఆ ఇంటికి వెళ్ళాము. "అమ్మా, ఆ రోజు నువ్వడిగినదానికి మేము సరిగా జవాబు చెప్పలేదు. మీ నమ్మకం చాలకపోవడం కాదమ్మా. పాప ఎందుకు పోయిందో మాకు తెలియదు. తెలిసినట్టు మాటలాడాము, క్షమించు" అన్నాము. ఆమె ఏమియు అనలేదు. లోపలికి వెళ్ళి రేకుపెట్టె తెచ్చి, అందులోనుండి ఒక గులాబీరంగు గౌను, అక్షరములు దిద్దిన పలక తీసి మా సతీమణి ఒడిలో పెట్టింది. ఆ తరువాత గంటసేపు పాప మాటలే చెప్పింది. ఏ పాట పాడేదో, ఏ కూర తినేది కాదో, ఆసుపత్రిలో నర్సులకు ఏమేమి పేర్లు పెట్టిందో. మధ్యలో నవ్వింది కూడ. భర్త గడపలో కూర్చుండి విన్నాడు. మేము ఇచ్చిన టీ త్రాగి, ఏ వచనమును చెప్పకుండ, చిన్న ప్రార్థన చేసి వచ్చాము. వారు ఆరాధనకు మరల వచ్చుచున్నారా అని మీరు అడుగవచ్చును. ఆమె అప్పుడప్పుడు వచ్చుచున్నది. అతడు చెట్టుక్రింద నిలబడుచున్నాడు. ఇప్పుడు ప్రార్థన ముగిసిన వెంటనే మేము మొదట ఆ చెట్టు యొద్దకే వెళ్ళుచున్నాము.

ప్రియ తల్లిదండ్రులారా, ఆటలన్నియు ఇటువంటివి కావు. పిల్లల సమయమును, కనికరమును తినివేసే ఆటలు చాల ఉన్నాయి. వాటి విషయములో జాగ్రత్త అవసరమే. ఈ ఆట కూడ పసిపిల్లల చేతికిచ్చునది కాదు, పెద్దలు ముందు తామే చూచి, ఎదిగిన పిల్లలతో కలిసి చూడదగినది. అయితే మీ కుమారుడు ఒక ఆట చూచి ఏడ్చానని చెబితే, మావలె నవ్వి ఊరుకోకండి. ప్రక్కన కూర్చుండి, "ఎందుకేడ్చావు నాన్నా?" అని అడగండి. ఆ ప్రశ్నతో మొదలయ్యే సంభాషణ మీ ఇంటికి మేలు చేయవచ్చును.

మీ వీధిలో బిడ్డను పోగొట్టుకొన్న ఇల్లు ఉంటే, కారణము చెప్పుటకు వెళ్ళకండి. ఆ బిడ్డ పేరు పలుకండి. చాలమంది ఆ పేరు ఎత్తుటకు భయపడతారు, తల్లి మాత్రము ఎవరైనా పలుకుతారా అని ఎదురుచూచుచుండును. కొలరాడోలోని ఒక తండ్రి, తల్లి తమ కుమారుని పేరు లోకము మరువకుండునట్లు ఒక ఆట కట్టారు. మనకు కంప్యూటరు విద్య అక్కరలేదు. ఒక చాప, కొంచెము సమయము, మాటలాడక వినగల చెవులు చాలును.